పసినాటి కలహం – పడుచుప్రాయంలో దాని ఛాయ

గార్లదిన్నె మెట్టపొలాలలో వేరుశనగ ఎండిపోయిన ఏడు, అప్పుల తగవు ఇంటిలోనికి ప్రవేశిస్తుంది. ఆ రాత్రులలో తల్లిదండ్రుల కేకలు వింటూ నిద్ర నటించిన పసివాడే పదేళ్ళ తరువాత మన తరగతిలో కూర్చుంటాడు. అధ్యాపకులు స్వరం హెచ్చిస్తే చాలు, అతని గుండె దడదడలాడుతుంది, చదివినది స్ఫురించదు. దానిని మనం మందబుద్ధి అంటున్నాం. విద్యార్థిని అయితే ఆ బెదురునే వినయమని మెచ్చుకుంటున్నాం! నిజానికి పదేపదే భయపడిన దేహం, ప్రమాదం లేనిచోట కూడా కాపలా మానదు. అమెరికాలో ఫెలిట్టి, అండా ప్రభృతులు 1998లో ప్రకటించిన పరిశోధనలో, బాల్యపు కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక కుంగుబాటు, మద్యపానం, ఆత్మహత్యాయత్నం అంతగా హెచ్చినట్లు తేలింది. హాజరు తగ్గిన విద్యార్థికి జరిమానా విధించే ముందు, కమిటీవారు ఒకసారి ఏకాంతంగా పిలిచి ఇంటి సంగతి అడగవలెనని మా మనవి. ఎదుట చెప్పుకొనలేనివారు టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.