స్వలింగ వివాహంపై చీలిన మెథడిస్టులు

కుమారుడి పెళ్లి జరిపించినందుకు ఒక పాస్టరు తన హోదాను కోల్పోయారు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన మెథడిస్టు మతగురువు ఫ్రాంక్ షేఫర్ 2007లో తన కుమారుడికి, మరొక యువకుడికి స్వయంగా వివాహం జరిపించారు. 2013లో చర్చి విచారణ మండలి ఆయనను దోషిగా నిర్ణయించడంతో గురుత్వం రద్దయింది. అప్పీలుపై 2014లో తిరిగి లభించింది. ఈ ఉదంతంలో కనిపించిన విభేదమే చివరకు యునైటెడ్ మెథడిస్టు చర్చిని చీల్చింది.

1968లో ఏర్పడిన ఈ చర్చి, స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు విరుద్ధమని 1972 అట్లాంటా మహాసభలో ప్రకటించింది. 2019లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రత్యేక సమావేశం 438-384 ఓట్లతో నిషేధాన్ని మరింత కట్టుదిట్టం చేసింది. విభేదించే సంఘాలు ఆస్తులతో సహా వైదొలగేందుకు 2023 చివరి వరకు వీలు కల్పించింది. అయితే అమెరికాలోని పలు ప్రాంతీయ శాఖలు నిషేధాన్ని అమలుపరచడానికి నిరాకరించాయి. ఫలితంగా, ఓటింగులో నెగ్గిన సంప్రదాయవాదులే అధిక సంఖ్యలో నిష్క్రమించారు. మొత్తం 7,600కు పైగా సంఘాలు, అంటే అమెరికాలోని సంఘాలలో సుమారు నాలుగో వంతు, తెగతెంపులు చేసుకున్నాయి. వాటిలో అనేకం 2022లో వెలసిన గ్లోబల్ మెథడిస్టు చర్చిలో చేరాయి.

సంప్రదాయవాదుల బలం తగ్గాక పరిస్థితి తలకిందులైంది. 2024లో చార్లెట్ మహాసభ స్వలింగ సంపర్కుల గురుత్వంపై నిషేధాన్ని 692-51 ఓట్లతో ఎత్తివేసింది. 1972 నాటి ప్రకటనను 523-161 ఓట్లతో తొలగించింది. స్వలింగ వివాహం జరిపించడం ఇక శిక్షార్హం కాదు. అట్లని ఏ పాస్టరునూ అందుకు నిర్బంధించరాదు. ఈ మార్పును ఆఫ్రికాలో అందరూ ఆమోదించలేదు. పది లక్షలకు మించి సభ్యులున్న ఐవరీకోస్టు శాఖ అదే నెలలో వైదొలగాలని తీర్మానించింది.

బ్రిటన్‌లోని మెథడిస్టు చర్చి 2021లోనే 254-46 ఓట్లతో స్వలింగ వివాహాలను అనుమతించింది. అక్కడ కూడా అంతరాత్మ అంగీకరించని మతగురువులకు మినహాయింపు ఉంది.

ఈ తీర్మానాలేవీ భారతదేశంలోని సంఘాలకు వర్తించవు. అమెరికన్ మిషన్ వారసత్వం గల మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981లోనే స్వయంప్రతిపత్తి పొందింది. మెదక్ మహాదేవాలయాన్ని నిర్మించిన బ్రిటిష్ వెస్లియన్ మిషన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో విలీనమయ్యాయి. పైగా దేశంలో చట్టమే ఈ వివాహాలను గుర్తించదు. ఆ అధికారం శాసనవ్యవస్థదేనని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తీర్పు చెప్పింది.