బిళ్లగన్నేరు వంట... ఈస్టు నేర్చింది!

గుడి దగ్గరా, పెరటి గోడ పక్కనా... పెద్దగా నీళ్లు పోయకపోయినా ఏడాదంతా పూస్తుంది బిళ్లగన్నేరు. పుట్టిల్లు మడగాస్కర్. పిల్లల్లో వచ్చే రక్తక్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టీన్, లింఫోమాకి ఇచ్చే విన్‌బ్లాస్టీన్... రెండూ ఈ మొక్క ఆకుల్లోంచి వచ్చిన మందులే!

చిక్కేంటంటే, ఆ మందుల తయారీలో మొక్క మహా పిసినారి. గ్రాము విన్‌బ్లాస్టీన్‌కి సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి. విన్‌క్రిస్టీన్‌కైతే 2,000 కిలోల పైమాటే. 2019లో తయారీ ఇబ్బందుల వల్ల అమెరికాలో విన్‌క్రిస్టీన్‌కి కొరత వచ్చి, చిన్నారుల చికిత్సకే ఆటంకం ఏర్పడింది.

మొక్క జన్యువుల్ని మార్చి ఎక్కువ మందు చేయించొచ్చుగా అంటారా? అదంత తేలిక కాదు. ఆకులోని రకరకాల కణాలు కలిసి 30 దశల్లో చేసే వంట అది. ఒక దశని వేగిరపరిస్తే మరో దశ దగ్గర ఆగిపోవచ్చు. పైగా కొన్ని దశల గుట్టు 2018లోగానీ తెలియలేదు. బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో సారా ఓకానర్ బృందం దాన్ని ఛేదించింది.

ఆ వంటని 2022లో ఈస్టుకి నేర్పించింది అమెరికాలోని బర్క్‌లీకి చెందిన జే కీస్లింగ్ బృందం. బ్రెడ్డు పొంగించే ఈస్టులో మొక్కల జన్యువులు 34 చేర్చి, దాని సొంత జన్యువులు 10 సవరించారు. అది తయారుచేసిన కాథరాంథీన్, విండోలీన్‌లను ప్రయోగశాలలో జోడిస్తే విన్‌బ్లాస్టీన్ వచ్చింది. దాన్నుంచి విన్‌క్రిస్టీన్‌నీ చేయొచ్చు. అయితే లీటరుకి వచ్చిన ముడిసరుకు మిల్లీగ్రాములో దాదాపు పదోవంతే. అది బాగా పెరిగితే, పిల్లల మందు కోసం టన్నులకొద్దీ ఆకులు కోయక్కర్లేదు.

అన్నట్టు, క్యాన్సర్ మందు ఉంది కదాని పెరట్లో ఆకులు నమిలేరు... విషగుణం ఉన్న మొక్క, జాగ్రత్త!