సర్జన్ చేయి ఒకచోట, చూపు ఒకచోట

పిత్తాశయంలో రాళ్లున్నాయంటే ఒకప్పుడు పొట్టకు పెద్ద కోత తప్పేది కాదు. ఇప్పుడు మూడు నాలుగు చిన్న రంధ్రాలు చాలు. ఒక దాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పొడవాటి పరికరాలు లోపలికి వెళ్తాయి. రోగికి నొప్పి తగ్గింది, ఆసుపత్రి మంచం మీద ఉండే రోజులూ తగ్గాయి. సర్జన్ మెదడుకు మాత్రం పని పెరిగింది.

1985లో జర్మనీ సర్జన్ ఎరిక్ మ్యూహె ల్యాపరోస్కోపీ అనే ఈ పద్ధతిలో తొలిసారి పిత్తాశయం తీశారు. 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా దాన్ని మన దేశానికి తెచ్చారు. కుటుంబ నియంత్రణ క్యాంపుల పుణ్యమా అని ల్యాపరోస్కోపీ పేరు పల్లెలకూ కొత్త కాదు. తొలినాళ్లలో డాక్టర్లు పొట్టలోకి పంపిన గొట్టానికి కన్ను ఆనించి చూసేవారు. కెమెరా వచ్చాక చూపు తెర మీదికి మారింది.

చిక్కులూ అక్కడే మొదలయ్యాయి. మామూలు తెర మీద బొమ్మకు లోతు ఉండదు. ఏ నాళం ముందుందో, ఏది వెనకుందో నీడల్ని బట్టి పోల్చుకోవాలి. పరికరం పొట్ట గోడ దగ్గర ఇరుసు మీద ఉన్నట్టు తిరుగుతుంది కాబట్టి, చేయి కుడికి జరిపితే లోపలి కొస ఎడమకు పోతుంది. పైగా కెమెరా పట్టుకునేది అసిస్టెంటు. ఆ చేయి ఒరిగితే తెర మీది బొమ్మంతా ఒరుగుతుంది.

ఈ తడబాటు ఖరీదెంతో 2003లో బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లారెన్స్ వే బృందం, ల్యాపరోస్కోపీలో పిత్తనాళం దెబ్బతిన్న 252 కేసులను తిరగేసింది. 97 శాతం కేసుల్లో అసలు కారణం కన్ను మోసపోవడమే. చేతి నేర్పు లోపించిన కేసులు చాలా తక్కువ.

మరి తెర ఎక్కడుండాలి? స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో జార్జ్ హన్నా, ఆల్‌ఫ్రెడ్ కుషియెరి బృందం 1998లో తెర చోటు మారుస్తూ సర్జన్ల చేత ముడులు వేయించి చూసింది. తెర తిన్నగా ఎదురుగా, చేతుల ఎత్తులో ఉన్నప్పుడే పని త్వరగా, బాగా సాగింది.

ఇలాంటి పనుల్లో మెదడు మీద పడే భారాన్ని కొలిచే ప్రశ్నావళి నాసా నుంచి వచ్చింది. 1988లో సాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ రూపొందించిన ఆ ఆరు అంశాల కొలతను 2011లో సర్జన్లకు తగ్గట్టు సవరించారు. ఒత్తిడి, ధ్యాస చెదరడం కూడా లెక్కలోకి వచ్చాయి.

తెర మీద సమాచారం గుప్పించినా ముప్పే. 2013లో టొరంటో పరిశోధకులు ఎండోస్కోపీ బొమ్మ మీద దారి చూపే గీతలు వేసి పరీక్షించారు. సర్జన్లు గురిని మరింత కచ్చితంగా చేరారు కానీ, కళ్లెదుటే ఉన్న అనుకోని ప్రమాదాన్ని గమనించినవారు తగ్గిపోయారు.

ఉత్తర తెలంగాణలో కొత్త వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి, తెర అమరిక మీద ఇప్పుడు ప్రత్యేక శ్రద్ధ అవసరం. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో మొదలైంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మరుసటి ఏడు కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆపరేషన్ చేసే రోబోకు కోట్లు కావాలి. మానిటర్ కిందికి దించడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పిత్తాశయం ఆపరేషన్‌లో సర్జన్ సాధారణంగా రోగికి ఎడమవైపు నిలబడతారు కాబట్టి తెర రోగి కుడి భుజం వైపు ఉండాలి. ట్రాలీ పైఅరలో బిగించేసిన మానిటర్ పొట్టి డాక్టర్ల మెడ ఎత్తిస్తుంది. ఎత్తు మార్చుకునే స్టాండు, అసిస్టెంటుకు రెండో తెర ఉంటే, రోగికి మత్తు ఇవ్వకముందే ఇవన్నీ సర్దుకోవచ్చు.