రిమోట్ నొక్కితే ఫ్యాన్‌కు ఎలా తెలుస్తుంది?

బెంగళూరులోని బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో లైటున్న రిమోట్ ఫ్యాన్లు మీరు చూసే ఉంటారు. మంచం దిగకుండా బటన్ నొక్కితే ఫ్యాన్ ఆగుతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. మధ్యలో తీగ లేదు. మరి కబురు ఎలా చేరింది?

చాలా రిమోట్ల ముందు ఒక బుల్లి బల్బు ఉంటుంది. అది మన కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపుతుంది. ఆ కాంతి సెకనుకు సుమారు 38,000 సార్లు మిణుకుమంటుంది! మధ్యమధ్య ఖాళీలు ఇస్తుంది. అమ్మ కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టి పొయ్యి ఆపుతుంది కదా, ఫ్యాన్‌లోని సర్క్యూటూ అంతే. మెరుపులను, ఖాళీలను లెక్కచూసి ‘ఇది లైటుకు, ఇది వేగానికి’ అని తెలుసుకుంటుంది. టీవీ రిమోట్ లెక్క వేరు, అందుకే దానికి ఫ్యాన్ పలకదు.

ఇలాంటి ఫ్యాన్ కొనేటప్పుడు బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఉన్నదే మేలు. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటే, దీనికి 30 వాట్ల దాకా చాలు. నక్షత్రాల లేబుల్ కూడా చూడండి. మన దేశంలో 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి.

బిగించేటప్పుడు బరువు ఫాల్స్ సీలింగ్ మీద పడకూడదు, పైనున్న కాంక్రీటు శ్లాబు కొక్కెమే మోయాలి. గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీసేయాలి, లేకుంటే సర్క్యూటుకు కరెంటు సరిగా అందదు. ఈ పని మాత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

మీరు చేయగల పని ఒకటుంది. ఫోన్ కెమెరా ముందు రిమోట్ నొక్కి చూడండి. చాలా ఫోన్లలో ఆ కనిపించని వెలుగు ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది.