సంగీతపు గదికి పైకప్పు

వివాహమైన పిమ్మట వీణను గోడకానించి ముసుగు వేసిన సోదరీమణులెందరో కలరు. సంసారపు పనులచే తీరిక లేకపోవుట యొక కారణము. అంతస్తుల మేడలలో మఱియొకటి గూడ చేరినది. అచ్చట మన పైకప్పే వేఱొకరికి నేల. పనులన్నియు ముగిసి సాధనకు గూర్చుండు వేళకు పైయింటి పసిబిడ్డ నిద్రించుచుండును. ఇంటనే పాటలు రికార్డు చేసికొన స్టూడియో యమర్చుకొనువారికిని ఇదే చిక్కు.

ధ్వని పైకి రెండు త్రోవల బోవును. గొంతు, వయొలిను నాదము గాలిలో బోయి కప్పునకు దగులును. మృదంగపు దెబ్బ, కాలితో వేయు తాళము నేలనుండి స్తంభములగుండ ప్రాకును. అయిదంగుళముల కాంక్రీటు కప్పు చదరపు మీటరునకు సుమారు 300 కిలోల బరువుండును గాన, గాలిలోని ధ్వనిని చాలవఱకు ఆపును. కావున తొలుత ఒకరు పాడుచుండగా వేఱొకరు పైయింటికి బోయి, మన కిటికీలు తెఱచినప్పుడును, మూసినప్పుడును వినవలెను. మూసినంతనే సద్దడగినచో కప్పుపై ధనము వెచ్చింపనేల? కిటికీకి దళసరి గాజు, రబ్బరు పట్టీ చాలును. మృదంగము క్రింద దళసరి రబ్బరు చాప పఱచిన దెబ్బ నేలకు దిగుట తగ్గును.

కోడిగ్రుడ్ల అట్టలు, స్పాంజి పలకలు కప్పున కంటించినచో చాలునని చెప్పువారి మాట నమ్మరాదు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సాబిను ఆచార్యుడు ఉపన్యాసశాలలో మెత్తలు పెట్టి పరీక్షింప నారంభించెను. మెత్తనివి గదిలోని మార్మ్రోత నణచును. బయటికి బోవు నాదమును ఆపజాలవు. పైగా స్పాంజికి అగ్నిభయము కలదు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండున స్టేషన్ అను సంగీతశాలలో, బాణసంచా నిప్పురవ్వలు గోడలకును కప్పునకును అంటించిన స్పాంజికి దగిలి, 100 మంది మరణించిరి. పిల్లలు తిరుగు ఇంట దానిని వాడకుండుటే మేలని మా అభిప్రాయము.

నిజముగా కప్పే కారణమైనచో, దానికి దిగువను రెండవ కప్పు వ్రేలాడదీయవలెను. కొక్కెములకు రబ్బరు దిమ్మెలుండిన అదరు పైకెక్కదు. వానికి ఇనుపచట్రము తగిలించి, నడిమి ఖాళీలో రాతి ఉన్ని పఱచి, 12.5 మిల్లీమీటర్ల జిప్సం పలకలు రెండు వరుసలు, అతుకుపై అతుకు పడకుండ బిగింతురు. అంచులను గట్టిపడని లప్పముతో మూయవలెను. ఇచ్చటనే పనివారు తొందరపడుదురు. నూఱింట నొకవంతు సందున్నను, పలక యెంత బరువైనదైనను, 20 డెసిబెళ్లకు మించి ధ్వని తగ్గదు. పంకా కడ్డీ, దీపపు తీగ దూరు రంధ్రములను దగ్గఱనుండి చూచుకొనుడు.

పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల గదికి పలకలే సుమారు 200 కిలోలు తూగును. పాత యిల్లైనచో ఇంజనీరుకు చూపక మొదలిడరాదు. గది యెత్తు ఆఱంగుళములు తగ్గును గాన, పంకా రెక్కలు తలకందకుండ చూడవలెను. సందులన్నియు మూసిన గదిలో గాలి చెడును. అప్పుడప్పుడు తలుపు తీయుచుండవలెను.

పైయింటివారి రోటిచప్పుడు మన రికార్డింగులో బడకుండుటకు మాత్రము మన కప్పుకంటె వారి రోటి క్రింది చాపయే యెక్కువ పనిచేయును. అట్టి చాపనొకదానిని కొని, సాధన వేళ యెప్పుడైన వారికి అనుకూలమో అడుగుటకు బోవునప్పుడు వెంట దీసికొనిపోవచ్చును.