పాముకు ఇంటిపేరు ఎందుకు?

పాము కరిచిందంటే ఊర్లె మొదలు పుట్టే ప్రశ్న ఒక్కటే: "ఏం పాము?" ఒకాయన కట్లపాము అంటడు, ఇంకొకాయన కాదు పింజర అంటడు. మన దిక్కు నాగుబాము అన్నదాన్నే కోస్తాల తాచుపాము అంటరు. విషం లేని తోడేలు పామును చూసి, ఒంటి మీద కట్లున్నయని కట్లపామే అనుకుంటరు. ఒక్క పాముకు రెండు మూడు పేర్లు, ఒక్క పేరుకు రెండు మూడు పాములు. ఈ గడబిడ తీర్చనీకె వచ్చిందే శాస్త్రీయ నామం. నోరు తిరగని ముచ్చట మనకెందుకని పక్కకు పెట్టకుండ్రి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఇది పాణం ముచ్చట.

పద్ధతి అల్కగనే అర్థమైతది. స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్ 1753ల మొక్కలకు, 1758ల జంతువులకు రెండు మాటల పేర్లు పెట్టిండు. మొదటి మాట ఇంటిపేరు, దాన్ని ప్రజాతి అంటరు. రెండో మాట కలిస్తే అది ఏ జాతో తెలుస్తది. మన తెలుగోళ్ల లెక్కనే ఇంటిపేరు ముందు, సొంత పేరు ఎనక. నాగుబాము నాజా నాజా. కట్లపాము బంగారస్ సెరూలియస్. రక్తపింజర డబోయియా రసెలీ. ఇసుక పింజర ఎకిస్ కారినేటస్. చూడుండ్రి, మనం రెండింటినీ పింజర అంటం గని వాటి ఇంటిపేర్లే వేరు.

ఇప్పుడు అసలు సంగతి. మన దవాఖానలల్ల ఎక్కించే పాము విషం విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషంతోనే తయారైతది. విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగ ఎక్కించి, వాటి రక్తంల పుట్టిన విరుగుడును తీస్తరు. ఆ విషం చాలావరకు తమిళనాడుల ఇరుల ఆదివాసీల సహకార సంఘం పట్టిన పాములదే. ఆ నలుగురి లెక్కల లేని పాము కరిస్తే మందు సరిగ పనిచెయ్యదు.

కేరళల ఇదే జరిగింది. అక్కడ హిప్నాలే హిప్నాలే అనే చిన్న పాము ఉన్నది, ముక్కు కొన పైకి లేచి ఉంటది. దాన్ని చానా రోజులు ఇసుక పింజర అనే అనుకున్నరు. మందు ఎక్కించినా గుణం రాలే. 2007ల డాక్టర్లు జాతిని సరిగ తేల్చి రాసినంకనే, ఇది ఆ నాలుగింట్ల లేని పాము అని అందరికి ఎరుకైంది. నాగుబాము కథ కూడ అట్లనే. పడగ మీద కండ్లద్దాల గుర్తున్నదాన్ని, ఒకటే గుండ్రం గుర్తున్నదాన్ని ఎనకట ఒక్క జాతి కిందనే లెక్కేసిండ్రు. రెండోది తూర్పు, ఈశాన్య రాష్ట్రాలల్ల ఎక్కువ. ఇప్పుడు దాని పేరు నాజా కౌతియా. ఇంటిపేరు ఒక్కటే, విషం ఒక్కటి కాదు.

ఈ శాస్త్రం అంతా తెల్లోళ్లదే అనుకుంటే కూడ తప్పే. 1780లల్ల ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు విశాఖపట్నంల ఉండి కోరమాండల్ తీరపు పాముల మీద పని చేసిండు. 1796ల లండన్ల అచ్చైన ఆయన పుస్తకంల మన పాముల తెలుగు పేర్లు ఉన్నయి. రక్తపింజరను కాటుకరేకుల పొడ అని రాసుకున్నడు. పసుపు, నలుపు పట్టీలున్న పామును ఇక్కడోళ్లు బంగారు పాము అన్నరు. కట్లపాముల ఇంటిపేరు బంగారస్ ఆ తెలుగు మాట నుంచే వచ్చింది. రసెలీ అంటే రస్సెల్ పేరే. పాము పేరు చెప్పిన మన ఊరోళ్ల పేరు మాత్రం ఈ నాలుగింట్ల దేనికీ లేదు. మాట తీసుకున్నరు, మనిషిని మరిచిండ్రు.

2000 నుంచి 2019 దాంక మన దేశంల పాముకాటుతోని దాదాపు 12 లక్షల మంది చచ్చిపోయిండ్రని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సుమారు 58,000 మంది. ఎక్కువ మంది పల్లెలోళ్లే. పాముకాటు కేసులను తప్పకుండ నమోదు చెయ్యాలని 2024 నవంబర్ల కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. నేననేది ఏందంటే, రిజిస్టర్ల ఉత్త "పాముకాటు" అని రాస్తే సాలదు. పాము ఏదో తెలిసిన కాడ ఊరి పేరు, శాస్త్రీయ నామం రెండూ రాయాలె. ఏ జిల్లాల ఏ జాతి కరుస్తున్నదో తెలిస్తెనే ఏ విషానికి మందు కావాల్నో అడగొచ్చు.

ఒక్కటి మాత్రం యాదుంచుకోండ్రి. కరిచినంక పాము ఎనక ఉరుకొద్దు, పేరు కోసం ఆగొద్దు, కోసుడు కట్టుడు వద్దు. సీదా దవాఖానకు పోవాలె. డాక్టరు లక్షణాలు చూసే మందు ఇస్తడు. పేర్లు నేర్చుకునే పని కాటుకు ముందుది. మీ ఊరి పాములను పెద్దమనుషులు ఏమంటరో అడిగి రాసుకోండ్రి, పక్కన శాస్త్రీయ నామం చేర్చుండ్రి. మొదటిది లేకుంటే ఊరోళ్లకు అర్థం కాదు, రెండోది లేకుంటే మందు చేసేటోళ్లకు అర్థం కాదు.