బోల్తాపడిన పడవ మునగకుండా ముందుజాగ్రత్తలు

మాచర్ల: నాగార్జునసాగర్ జలాశయంలో ఈ ప్రాంత మత్స్యకారులు చిన్న పడవలపై చేపల వేట సాగిస్తున్నారు. ఈదురుగాలి వీచినపుడు, బరువు ఒకవైపు చేరినపుడు పడవ బోల్తాపడే అవకాశం ఉంది. అయితే లోపల గాలి బంధించి ఉంటే బోల్తాపడిన పడవ సైతం మునగక తేలుతుంది. మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బా నీటిలో సుమారు 20 కిలోల బరువును తేల్చగలదు. అట్టి డబ్బాలను పడవ లోపల ఇరుపక్కలా సమానంగా, ఊడిపోకుండా కట్టవలెను. ప్రమాదవశాత్తు నీటిలో పడినవారు ఒడ్డుకు ఈదబోక, తేలుతున్న పడవనే పట్టుకొని ఉండవలెను. రక్షించ వచ్చేవారికి దూరం నుండి మనిషి తల కన్నా పడవే ముందుగా కనిపిస్తుంది.

2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. ప్రయాణికులు లైఫ్ జాకెట్లు ధరించి ఉండలేదు. జాకెట్ పడవలో ఉన్నంత మాత్రాన చాలదు. పడవ ఎక్కక ముందే ధరించవలెను.